టీనేజీ నవలల ఎడిటింగ్ ఎందుకు ఆలస్యమైందంటే

మాకు వ్రాతప్రతులు పంపిన రచయితలందరికీ,

నాలుగు వారాల్లో పంపుతామన్న నవలలు ఏడు వారాలైనా మీకు చేరలేదు. తప్పు మాదే. కథనూ వాక్యాలనూ ఒకేసారి దిద్దబోయాం. మూడో అధ్యాయంలో ప్రతి వాక్యం సరిచేశాక, పదో అధ్యాయానికి వచ్చేసరికి అసలు ఆ మూడో అధ్యాయమే అక్కర్లేదని తేలేది. ఇకపై రెండు విడతలుగా చేస్తాం. ముందు కథ చూసి సూచనలు పంపడానికి నాలుగు వారాలు, మీరు తిరగరాశాక భాష దిద్దడానికి మూడు. ఇప్పటికే డబ్బు కట్టినవారు అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు.

మొదటి విడతలో మేం ఏం చూస్తామో ముందే చెబితే మీకూ సగం పని తగ్గుతుంది.

చాలా నవలలు మంచి ఊహతో మొదలై యాభై పేజీల దగ్గర చతికిలబడతాయి. ఊహకూ కథకూ తేడా ఉంది. ‘ఊరంతా గడిచిన ఏడాదిని మరిచిపోతే?’ అన్నది ఊహ. ఆ ఏడాదే అన్న మీద దొంగతనం నింద పడింది, ఇప్పుడది చెల్లెలికి తప్ప ఎవరికీ గుర్తు లేదు, అసలు దొంగ పేరు చెప్పాలంటే నిందనూ గుర్తు చేయాల్సిందే. ఇది కథ. ఆమెకు ఏం కావాలి, అడ్డేమిటి, దక్కకపోతే ఏం పోతుంది అన్నవి రెండు వాక్యాల్లో రాయలేకపోతున్నారంటే చిత్తుప్రతి మొదలుపెట్టే వేళ ఇంకా కాలేదు.

ఈ నవలల పాఠకులు 12 నుంచి 18 ఏళ్లవాళ్లు. తమకంటే ఒకటి రెండేళ్లు పెద్ద పాత్రలంటే వాళ్లకు ఇష్టం. కథ మలుపు తిరిగే నిర్ణయం ఆ పాత్రే తీసుకోవాలి. మాకు ఎక్కువగా కనిపించే లోపం ఇక్కడే: చివరి ముప్పై పేజీల్లో మేనమామో, టీచరో, పోలీసో వచ్చి చిక్కుముడి విప్పేస్తారు. పెద్దవాళ్లు సాయం చేయొచ్చు, కానీ అడిగే ధైర్యం, దానికి చెల్లించే మూల్యం పిల్లలవే కావాలి. అలాగని అమ్మానాన్నలను మొదటి పేజీలోనే చంపేయకండి. ప్రేమగా చూసుకుంటూనే తప్పుగా అర్థం చేసుకునే తల్లి, దుర్మార్గురాలి కంటే పెద్ద అడ్డంకి.

కథ చెప్పే గొంతు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ‘అప్పట్లో నాకు తెలియదు కానీ’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా, పదహారేళ్ల పిల్ల పోయి నలభై ఏళ్ల మనిషి కూర్చుంటుంది. ఫైల్‌లో ఆ మాట వెతికి తీసేయండి. ఈ వారం మోజులో ఉన్న యాస రెండేళ్లకే పాతబడుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. వయసును పట్టిచ్చేది పిలుపు: ఎవరిని ‘రా’ అంటారు, ఎవరిని ‘వే’ అంటారు, ‘నువ్వు’ ఏ క్షణంలో ‘మీరు’ అవుతుంది. స్నేహం తెగిందని చెప్పడానికి ఒక్కోసారి ఆ మార్పు ఒక్కటే చాలు. ఉత్తమ పురుషలో ‘వచ్చాను’ అంటే అమ్మాయో అబ్బాయో తెలియదు. పేరు, పిలుపు మొదటి రెండు పేజీల్లోనే పడేలా చూసుకోండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత ఒక్కో సన్నివేశానికి ఒక్కో కార్డు రాయండి: ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ సన్నివేశం పక్క సన్నివేశంలో కలవాలి, లేదా పోవాలి. కార్డుల మీదే వారం, తేదీ వేయండి. ఆదివారం నాడు బడికి వెళ్లే పాత్రలు అప్పుడే దొరుకుతాయి. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద కథ నడుస్తుంటే, ఆ కాల్ ఎందుకు చేయలేదో ముందుగానే కారణం నాటాలి. ఛార్జింగ్ అయిపోవడం ఒక్కసారికే చెల్లుతుంది. ఆత్మహానిని రాసేటప్పుడు బాధను రాయండి, పద్ధతిని వివరించకండి. ఈ విషయంలో మేం పట్టు విడవం.

పెద్దల అనుమతితో అయిదారుగురు టీనేజీ పిల్లలతో చదివించండి. ‘బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటారు. ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టారో అడగండి. ముగ్గురు ఒకేచోట ఆగితే, లోపం తరచూ దానికి పది పేజీల ముందు ఉంటుంది.

ఫైల్ యూనికోడ్‌లోనే పంపండి. పాత డీటీపీ ఫాంట్ల నుంచి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి, ఆలస్యంలో కొంత దానివల్లే. ఇప్పటికే మా దగ్గరున్న నవలలకు, అవి వచ్చిన వరుసలోనే, కథ మీద సూచనలు పంపుతాం. అవి పూర్తయ్యేవరకు కొత్తవి తీసుకోవడం లేదు.