గెడ్డ బురదకు లెక్కాపత్రం లేదా?

సంపాదకులకు,

మేఘాద్రిగెడ్డ అనే వాగు విశాఖ హార్బరులో కలిసే చోట చేపలు చచ్చి తేలిన ఉదంతంపై కొద్ది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తను, దాని కిందనే వేసిన అధికారి వివరణను చదివాను. నీటి నమూనాలు తీశామనీ, అన్నీ పరిమితులకు లోబడే ఉన్నాయనీ, ప్రజలు ఆందోళన పడనక్కరలేదనీ ఆయన సెలవిచ్చారు. చేపలు తేలిన ప్రతిసారీ ఈ ఊరివాళ్లకు వినిపించే మాటే ఇది. చెప్పే అధికారి మారుతుంటాడు గానీ మాట మారదు.

ఏ పరిమితులో ఆయన చెప్పలేదు, విలేకరి అడిగినట్టూ లేదు. సముద్ర తీర జలాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అయిదు తరగతులుగా విభజించింది. హార్బరు నీరు వాటిలో నాలుగోది. ఆ తరగతికి పెట్టిన ప్రమాణాల్లో ఆమ్లత్వం, కరిగిన ప్రాణవాయువు, నూనె తెట్టు, మలసంబంధ బాక్టీరియా వంటివి ఉంటాయే తప్ప సీసం, కాడ్మియం, పాదరసం వంటి విష లోహాల ఊసు ఉండదు. ఇక బురద సంగతి చెప్పనే అక్కర్లేదు. అడుగు మన్నులో ఏ లోహం ఎంత వరకు ఉండవచ్చునో చెప్పే ప్రమాణమే మన దేశంలో లేదు. లేని పరిమితిని దాటడం ఎవరి తరమూ కాదు కనుక అధికారి అబద్ధమాడారని నేననను.

గెడ్డ నీరు ఉప్పునీటిని తాకగానే అది మోసుకొచ్చిన సన్నటి ఒండ్రు రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుగుకు దిగుతాయి. వాటిని పట్టుకుని వచ్చిన సీసం, కాడ్మియం, జింకు, రాగి కూడా వాటితోపాటే దిగుతాయి. సన్నటి ముఖద్వారం తప్ప వేరే దారిలేని లోపలి హార్బరులో ఆటుపోట్లకు కొట్టుకుపోయేది తక్కువ, పేరుకునేది ఎక్కువ. ఇటువంటి చోట పడవ మీద నుంచి సీసా ముంచి తీసిన నీరు నిర్దోషిగా తేలడంలో వింతేమీ లేదు. పూడిక తీసే డ్రెడ్జరు వచ్చి అడుగును కెలికినప్పుడు, గాలి సోకని నల్ల బురదలో గంధకంతో ముడిపడి ఉన్న లోహాలు ప్రాణవాయువు తగిలి మళ్లీ నీటిలోకి విడుదలవుతాయి. నమూనా తీయవలసిన సమయం అది. ఆ రోజు ఎవరైనా సీసాతో వెళ్లారా?

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఈ ఊళ్లోనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980ల నుంచీ హార్బరులో లోహాలను కొలుస్తూనే ఉన్నారు. 2009లో కేంద్ర మండలి సమగ్ర కాలుష్య సూచిక వేసినప్పుడు విశాఖకు 70.82 మార్కులు వచ్చాయి. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కనుక మరుసటి ఏడాది కొత్త పరిశ్రమల అనుమతులపై కొంతకాలం నిషేధం కూడా పెట్టారు. మింది దగ్గరి జింకు కర్మాగారం 2012లో మూతపడింది. కర్మాగారానికి తాళం వేయవచ్చు గానీ లోహం కుళ్లి నశించేది కాదు. దశాబ్దాల పాటు ఎక్కడెక్కడి నుంచో వచ్చి బురదలో చేరినది అక్కడే ఉంటుంది.

ఆ బురదలో మేత వెతుక్కుని బతికేవి బొంతలు, జెల్లలు, రొయ్యలు, మండపీతలు. వాటిని తినేది మనం. ఉడికించినా, వేయించినా సీసమూ కాడ్మియమూ ఆవిరైపోవు. పీత డిప్ప తీయగానే కనిపించే ఆ పచ్చటి గుజ్జును మా ఇళ్లలో పిల్లల కోసం విడిగా తీసి ఉంచుతారు. మూత్రపిండాలను దెబ్బతీసే కాడ్మియం ఎక్కువగా పేరుకునేది సరిగ్గా ఆ గుజ్జులోనే, కండలో కాదు. కనుక ఎప్పుడైనా పరీక్ష చేసినా కండ ముక్క ఒక్కటి కోసి చేతులు దులుపుకుంటే సరిపోదు. మార్కెట్టులో చేపలమ్మే ఆమెను ఏమీ అడగకముందే "గెడ్డవి కావు బాబూ, సంద్రంవే" అని చెబుతోందంటే, మండలి దగ్గర లేని సమాచారం ఆమె దగ్గర ఉందన్నమాట.

మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కిలో చేపలో సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు మించకూడదు. కాగితం మీద అది బాగానే ఉంది. ఐరోపాకు వెళ్లే సరుకుకైతే ఇటువంటి నిబంధన అచ్చంగా అమలవుతుంది. కాడ్మియం ఎక్కువైందని మన దేశపు స్క్విడ్, కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవుల సరుకును వాళ్లు సరిహద్దు దగ్గరే ఆపేసిన సందర్భాలున్నాయి. పరాయి దేశస్థుడి మూత్రపిండాల మీద మనకున్న శ్రద్ధ ఎంతైనా మెచ్చుకోదగినదే. పూర్ణా మార్కెట్టులో అమ్మే చేపను లోహాల కోసం చివరిసారి ఎప్పుడు పరీక్షించారో చెప్పమని సమాచార హక్కు కింద ఒక కార్యాలయాన్ని అడిగితే, అది తమ పరిధి కాదంటూ దరఖాస్తును ఇంకో కార్యాలయానికి పంపారు. వారు మత్స్య విభాగాన్ని అడగమన్నారు. మత్స్య విభాగం మొదటి కార్యాలయం పేరే చెప్పింది. నీరు ఒకరిది, చేప ఇంకొకరిది, మార్కెట్టు మరొకరిది, బురద ఎవరిదీ కాదు. ఈ రాష్ట్రంలో ఏ సమస్య తీసుకున్నా కార్యాలయాలకు లోటుండదు, బాధ్యుడే దొరకడు. దొరికేలోపు ఆయనకు బదిలీ అవుతుంది.

ఈ మాటలతో మత్స్యకారుల పొట్ట కొట్టాలని నా ఉద్దేశం కాదు. ఫలితాలు దాచడం వల్ల ముందు దెబ్బతినేది వాళ్లే. సముద్రంలో దూరం వెళ్లి తెచ్చిన వంజరాన్ని కూడా కొనేవాడు అనుమానంగా చూస్తున్నాడు. ఏ చేప, ఎక్కడ పట్టినది, ఏ నెలలో, కండలో ఎంత, లోపలి భాగాల్లో ఎంత అన్నది మూడు నెలలకోసారి తెలుగులో రాసి మార్కెట్టు గేటు దగ్గర అంటించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. హార్బరులో తదుపరి పూడికతీత మొదలయ్యేలోపు గెడ్డ ముఖద్వారం వద్ద, లోపలి హార్బరులో తీసిన బురద నమూనాల ఫలితాలను మీ పత్రికకు పంపవలసిందిగా సంబంధిత అధికారులను కోరుతున్నాను. నీటి ఫలితాలు ఇప్పటికే చదివాం కనుక అవి మళ్లీ పంపనక్కరలేదు.

— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం