సంఘం కంటే ముందు పుస్తకాల బల్ల

తిరుపతి

చి. హిమజకు నాయన ఆశీస్సులు.

మీ చిత్తూరు, పలమనేరు, కుప్పం లైబ్రేరియన్లూ ఇక్కడి చంద్రగిరి, శ్రీకాళహస్తి వాళ్లూ కలిసి పిల్లల విభాగాల కోసం ఒక సంఘం పెట్టుకుంటున్నారని రాశావు. సంతోషం. అధ్యక్షుడెవరు, కార్యదర్శెవరు అన్నది తర్వాత చూసుకోవచ్చు. నెలనెలా సంఘం చేసే పనేమిటో ముందు తేల్చుకోండి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పటి నుంచీ మనకు సంఘాల కొరత లేదు. పిల్లల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివి, ఇది కొనండి, ఇది వద్దు అని చెప్పేవాళ్లే అరుదు. ఒక బల్ల చుట్టూ కూర్చుని మీరు ఆ పని పెట్టుకోండి. కౌంటరు, పేపర్లు, రిజిస్టర్లు చూసుకుంటూ ఒక్క మనిషి ఏడాదికి ఎన్ని పుస్తకాలని చదవగలరు? ఏడుగురు పంచుకుంటే అవుతుంది.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో పిల్లల సేవలకు ఒక ప్రత్యేక విభాగం ఉంది. పిల్లల సాహిత్యానికి 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ పతకం, 1938 నుంచి బొమ్మల పుస్తకాలకు ఇస్తున్న కాల్డెకాట్ పతకం ఇప్పుడు దాని చేతిలోనే ఉన్నాయి. పతకాల సంగతి అలా ఉంచు, వాళ్ల ఓటు పద్ధతి మాత్రం మీకు అక్కరకొస్తుంది. న్యూబెరీ కమిటీలో 15 మంది ఉంటారు. ప్రతి ఒక్కరూ చీటీ మీద మూడు పుస్తకాలు రాస్తారు. మొదటిదానికి 4 మార్కులు, రెండోదానికి 3, మూడోదానికి 2. నెగ్గే పుస్తకాన్ని కనీసం 8 మంది మొదటిదిగా రాసి ఉండాలి, పైగా తర్వాతి పుస్తకం కంటే 8 మార్కులు ఎక్కువ రావాలి. లేకపోతే మళ్లీ చర్చ, మళ్లీ ఓటు.

చేతులెత్తే పద్ధతిలో పెద్ద హోదా ఉన్నవారి చెయ్యి ముందు లేస్తుంది, మిగతావి దాని వెనకే లేస్తాయి. చీటీకి ఆ మొహమాటం లేదు. ఇక సగం మందికి పైగా మొదటిదిగా రాయాలన్న షరతు ఎందుకంటే, ఎవరికీ అభ్యంతరం లేని, ఎవరికీ పెద్దగా నచ్చని నీతికథల పుస్తకం రెండో స్థానాలు కూడగట్టుకుని గట్టెక్కకుండా. మీరు ఏడుగురైతే నాలుగు మొదటి ఓట్లు, నాలుగు మార్కుల తేడా పెట్టుకోండి. ఇదంతా ఎక్కువ కాపీలు తెప్పించే పుస్తకాలకే. మామూలు పుస్తకాలకు 'కొనొచ్చు', 'ఒక కాపీ చాలు', 'వద్దు' అని మూడు గుర్తులు సరిపోతాయి.

ఒకసారి కూర్చుంటే పాతిక పుస్తకాలు దాటనివ్వొద్దు. ఒక్కోదానికి ఏడు నిమిషాలు వేసుకున్నా మూడు గంటలు. ప్రతి పుస్తకాన్నీ ఇద్దరు విడివిడిగా చదివి రావాలి. వాళ్లలో ఒకరు పిల్లలకు గట్టిగా చదివి వినిపించి ఉండాలి. బల్ల దగ్గర కథ చెప్పడం నిషేధం, అందులోనే సగం సమయం పోతుంది. ముందు పుస్తకంలో కుదిరినదేమిటో చెప్పాలి, ఆ తర్వాతే అనుమానాలు, అవీ పేజీ నంబరుతో. "పిల్లలకు నచ్చదు" అని ఎవరైనా అంటే ఏ వయసు పిల్లలకు, ఎక్కడ చదివితే నచ్చలేదో అడుగు. చాలాసార్లు జవాబు ఉండదు.

తెలుగు పుస్తకంలో మొదట చూడాల్సింది వరసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు వేసిన డిజైన్‌లోనే తెలుగు ఇరికిస్తే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. కూడబలుక్కుని చదివే పిల్లకు అది ఏ అక్షరానిదో తెలియదు, అక్కడే ఆగిపోతుంది. తప్పు పిల్లది కాదు, అచ్చుది. అనువాదంలో వాక్యం పొడుగై బొమ్మ మీదికి ఎక్కిందా, ముదురు రంగు మీద నల్ల అక్షరాలు పడ్డాయా అన్నదీ చూడు.

తర్వాత బైండింగు. నడిమి పేజీ దగ్గర పూర్తిగా తెరిచి బల్ల మీద పరుచు. జిగురు అట్టైతే చిటపటమంటుంది, అలాంటిది నాలుగు చేతులు మారేసరికి కాగితాలు రాలుస్తుంది. పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకం నయమే గానీ, మన నవంబరు వానల చెమ్మకు పిన్ను తుప్పు పట్టి నడిమి కాగితాన్ని తినేస్తుంది. అందుకే ఇష్యూ చేయకముందే పిన్నులు తీసి దారంతో కుట్టండి. మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చెయ్యి. లోపలి నుంచి మధ్య రంధ్రంలో దూర్చి బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి తే. లోపలే పొడుగునా కింది రంధ్రం దాకా లాగి బయటికి తీసి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తే. ఆ పొడుగు దారానికి అటొక కొస, ఇటొక కొస ఉండేట్టు ముడి వెయ్యి. రెండు కొసలూ ఒకే వైపు ఉంటే కుట్టు వదులవుతుంది. గ్రంథాలయం ముద్ర మాత్రం బొమ్మల మీద కొట్టనివ్వకు.

నగరి, కుప్పం పిల్లల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లుంటారు, చిత్తూరులో ఉర్దూ వాళ్లూ ఉంటారు. ఏడుగురిలో ఒకరికైనా తమిళం చదవడం రావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఒకే కథ తెలుగు, తమిళం, ఉర్దూ మూడింటిలోనూ వెతుక్కోవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే వాడుకోవడానికి ముందే ఇచ్చిన అనుమతి, గలవి అచ్చు తీసుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు మాత్రం తీసేయకూడదు.

చదివి వినిపించేటప్పుడు కిటికీ పిల్లల వెనక ఉండాలి, నీ వెనక కాదు. నీ వెనక ఉంటే వాళ్లకు పుస్తకం నల్లటి పలకలా కనిపిస్తుంది. ఇరవై మందిని మించితే బొమ్మ వెనక వరసకు ఆనదు, రెండు జట్లు చెయ్యి.

మన గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు కాబట్టి సమావేశాలు ఆ రోజే పెడతారు. అప్పుడు బడి టీచర్లు రాలేరు. వాళ్లను వదులుకోవద్దు, చీటీలు ముందే రాయించి తెప్పించుకోండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో వక్తృత్వం, ముగ్గులు, బహుమతులు అంటూ ఊపిరాడదు. ఆ నెల బల్ల పని పెట్టుకోవద్దు. ఆ పోటీలనే సంఘం పని అనుకోవడం మొదలైతే బల్ల మూలపడ్డట్టే.

ప్రచురణకర్తలు నమూనా ప్రతులు పంపుతారు. తీసుకోండి, కానీ ఒక్కటీ ఎవరి ఇంటికీ పోకూడదు. తిప్పి పంపాలి, లేదా ఏదో ఒక గ్రంథాలయం యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే చేరిన పుస్తకాల చిట్టాలో, ఎక్కించాలి. సభ్యులదో, వాళ్ల బంధువులదో పుస్తకం చర్చకు వస్తే ఆ మనిషి బయట కూర్చోవాలి. ఇది బైలాలోనే, అంటే సంఘం నియమావళిలోనే, రాయండి. తర్వాత నోటితో చెప్పాలంటే మొహమాటం అడ్డొస్తుంది.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు మేజర్లుంటే చాలు. రెండేళ్లు బల్ల నడిచాక చేసుకున్నా నష్టం లేదు. అప్పటిదాకా చందాలు వద్దు, ఎవరి బస్సు చార్జీ వాళ్లదే. ఖాతా తెరిచిన రోజున మాత్రం చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండేట్టు చూడు, ఆ ఇద్దరూ ఒకే ఊరి వాళ్లు కాకుండా.

మీ నాయన