మల్లెతీగ ఆర్చ్‌కి ఇనుప పట్టీ ఎంత కావాలంటే

అరేయ్ శీనూ,

మేడ మీద మల్లెతీగకి ఆర్చ్ నువ్వే వంచుకుంటానన్నావు కదా, భలే సంతోషమేసింది రా, కానీ రాణీగంజ్‌లో ఇనుము కొనే ముందు ఇది చదువు. వెడల్పుని పై (π)తో గుణించి సగం చేస్తే ముక్క పొడవు వస్తుందని రాశావు, అది నిండు అర్ధవృత్తానికే పనికొస్తుంది. నువ్వు అనుకున్నది లోపలి కొలత 1200 మిల్లీమీటర్ల వెడల్పు, మధ్యలో 300 ఎత్తు, అంటే బాగా చదునైన ఆర్చ్. నీ లెక్కలో దాదాపు 1885 వస్తుంది, నిజానికి 1400 కూడా పట్టదు.

ముందు వ్యాసార్థం తెలియాలి. దీనికి సైన్లు కాస్‌లు ఏం వద్దు, ఆర్యభటుడు 499లో చెప్పిన సూత్రం చాలు. జ్యా అంటే వంపు రెండు చివర్లని కలిపే సూటి గీత, ఇక్కడ నీ వెడల్పే. దాని మధ్యలోంచి లంబంగా వ్యాసం గీస్తే ఆ వ్యాసం రెండు ముక్కలవుతుంది చూడు, ఆ రెండిటి లబ్ధం సగం జ్యా వర్గానికి సమానం. నీ సగం వెడల్పు 600, దాని వర్గం 3,60,000, ఒక ముక్క ఆర్చ్ ఎత్తే, అంటే 300 అని తెలుసు కాబట్టి రెండోది 1200, మొత్తం వ్యాసం 1500, వ్యాసార్థం 750. ఎంత శుభ్రంగా వచ్చిందో! నాకు దీన్ని మించిన అందమైన లెక్క లేదు రా, ఇనుము ముట్టుకోకుండానే వంపంతా చేతికొచ్చేసింది.

ఇప్పుడు వంపు పొడవు. ఒక చివర నుంచి ఆర్చ్ పైకొస దాకా సూటిగా కొలిస్తే 671, దాన్ని 8తో గుణించి 1200 తీసేసి 3తో భాగిస్తే 1389. హైగెన్స్ అనే డచ్చాయన చూపించిన చిట్కా ఇది. కాలిక్యులేటర్‌లో కోణం పెట్టి చేస్తే 1391, తేడా రెండు మిల్లీమీటర్లే.

పట్టీ మందం మాత్రం మర్చిపోకు. వంచితే లోపలి వైపు నొక్కుకుపోతుంది, బయటి వైపు సాగుతుంది, మధ్యలో గీతకే పొడవు మారదు, అందుకని 5 మిల్లీమీటర్ల పట్టీకి వ్యాసార్థం 752.5 అనుకుని లెక్కేస్తే 1396. అలాగని సరిగ్గా 1396కే కోసెయ్యకు, చివర్లు ఎప్పుడూ సరిగ్గా వంగవు, రెండు పక్కలా వంద వంద ఎక్కువుంచి వంచాక కొయ్యి.

25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మందం ఉన్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) పట్టీ, 20 అడుగులవి రెండు తీసుకో, ముందొకటి వెనకొకటి ఒక్కో పట్టీతో ఒక్కో ఆర్చ్, ఒక్కోటి ఆరు కిలోలు తూగుతుంది. ఒక పట్టీలో రెండు మీటర్ల కాళ్ళు రెండు, వంపు ముక్క ఒకటి పోగా 500 మిగులుతుంది, అలా రెండు పట్టీల మిగులులో 240 చొప్పున నాలుగు అడ్డపట్టీలు వస్తాయి, రెండు ఆర్చ్‌లనీ వాటితో కలిపి, మిగతా చోట జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ చుట్టేయ్.

వంచడానికి ప్లైవుడ్ మీద అచ్చు గీసుకో, దారంతో మాత్రం గీయకు, సాగుతుంది, సన్నటి కర్రకి మేకు కొట్టి తిప్పు. వదలగానే ఇనుము కొంచెం విచ్చుకుంటుంది కాబట్టి అచ్చు వ్యాసార్థం 750 కంటే తక్కువే ఉండాలి, ఎంత తక్కువో ఓ తుక్కు ముక్క వంచి చూస్తే తెలిసిపోతుంది.

ఆదివారం గ్రైండర్, వెల్డింగ్ మిషన్ పట్టుకుని నేనొస్తా, నువ్వు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తెచ్చిపెట్టు.

నీ
రాజు