ఇకమీదట డెలివరీ తేదీ నోటిమాటగా చెప్పను

భీమవరం, ఆకివీడు, ఉండి, కాళ్ల, పాలకొల్లు, మొగల్తూరు వైపు మన ఏరేటర్లు (రొయ్యల చెరువులో రెక్కల చక్రాలు తిప్పి నీళ్లకి ఆక్సిజన్ పట్టించే మిషన్లు) వాడుతున్న రైతులకూ, డీలర్లకూ నమస్కారమండి.

ఈ సీజను నుంచి "ఎప్పటికిస్తావ్?" అని ఎవరడిగినా "చూసి చెప్తానండి" అనే అంటాను. కంప్యూటర్లో లెక్క వేశాక మీ ఫోనుకి తేదీ వస్తుంది. అది మీరనుకున్న రోజుకన్నా ఆలస్యంగానే ఉండొచ్చు. ఇప్పటికే ఒకరిద్దరికి కోపం వచ్చింది. "ఎప్పట్నుంచో తెలిసిన మనిషివి, నాకూ ఇదేనా?" అన్నారు. తెలిసినవారికైనా కొత్తవారికైనా లెక్క ఒకటే కాబట్టి, ఆ లెక్క ఏంటో దాచకుండా రాస్తున్నాను.

షెడ్డులో ఈఆర్‌పీ పెట్టాం. కొనుగోలు, స్టోరు, తయారీ, అమ్మకం అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్ అన్నమాట. అందులో నాకు అసలు పనికొచ్చేది ఎమ్మార్పీ అనే భాగం. ప్యాకెట్ మీద ధర కాదండోయ్, ఏ సామాను ఎంత కావాలో, ఎప్పటికి కావాలో తేల్చే లెక్క. 1964లో అమెరికాలో జోసెఫ్ ఓర్లికీ అనే ఆయన దీన్నొక పద్ధతిగా కట్టాడు. మొదట వాడింది డ్రిల్లు మిషన్లు చేసే బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ. అప్పట్లో గదిని నింపేసే కంప్యూటరు కావలసిన పని ఇప్పుడు నా టేబుల్ మీద అయిపోతోంది. మనం తీసుకున్నది ముంబయి వాళ్లు తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్. ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు ఫీజు లేదు. అలాగని ఉత్తినే రాలేదు. సర్వరు అద్దె ఉంది, పెట్టిచ్చిన కుర్రాడికి ఇచ్చింది ఉంది, స్టోరులో ప్రతి బోల్టుకూ బుష్‌కూ నంబరు వేయించిన కూలి ఉంది. జీఎస్టీ మాత్రం ట్యాలీలోనే నడుస్తోంది. మా ఆడిటరుగారు దాన్ని వదలనంటే వదలనన్నారు.

లెక్క ఇలా నడుస్తుంది. 2 హెచ్‌పీ ఏరేటరు సెట్టు ఒకటంటే మోటారు ఒకటి, గేర్ బాక్సు ఒకటి, రెక్కల చక్రాలు 4, ఫ్లోట్లు 3, స్టీలు ఫ్రేము, షాఫ్టులు, బుష్‌లు, నట్లు, బోల్టులు. ఈ చిట్టాలో ఏదైనా ఒక్కటి లేకపోయినా సెట్టు గేటు దాటదు. మీరు 40 సెట్లు అడిగారనుకుందాం. రెక్కల చక్రాలు 160 కావాలి. స్టోరులో 50 ఉన్నాయి, లారీలో 60 వస్తున్నాయి. అంటే 50 తెప్పిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ స్పేర్ల కోసం 20 కదపకుండా ఉంచాలి కాబట్టి 70 తెప్పించాలి. ఇంతవరకూ కాగితం మీదైనా చేయొచ్చు. చిక్కంతా తేదీల దగ్గరే.

వేసవి పంటకి సీడ్ (రొయ్య పిల్లలు) వేసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఫిబ్రవరి 1కి సెట్టు మీ గట్టు మీద ఉండాలంటే బిగింపుకీ, నీళ్లలో తిప్పి చూడ్డానికీ వారం తీసేయండి, సామానంతా జనవరి 25కి షెడ్డులో ఉండాలి. గేర్ బాక్సు కోయంబత్తూరు నుంచి రావాలి, ఆర్డరు పెట్టాక ఆరు వారాలు. అంటే డిసెంబరు 14. మధ్యలో వాళ్లకి పొంగల్, వర్క్‌షాపులు మూసేస్తారు. ఇంకో వారం వెనక్కి జరిపితే డిసెంబరు 7. ఇక మన సంగతి చెప్పాలా? భోగి నుంచి ముక్కనుమ దాకా ఈ చుట్టుపక్కల స్పానరు పట్టేవాడు దొరకడు, పందేల బరి దగ్గర మాత్రం అందరూ దొరుకుతారు. అందుకే ఆ సెలవులన్నీ సిస్టమ్ క్యాలెండర్లో ముందే వేసేశాం. జనవరి 20న ఫోన్ చేసి ఫిబ్రవరి మొదటివారానికి 40 సెట్లంటే ఎవరి మీద ప్రేమ ఉన్నా రావండి. నవంబరు నెలాఖరు లోపు బుక్ చేసినవారికి ఫిబ్రవరి 1 తేదీ ఇవ్వగలను.

ఇప్పుడు మీలో చాలామందికి నచ్చని సంగతి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంటే చక్రాన్ని వందకి అటూఇటూగా దింపేది గేర్ బాక్సు. భారమంతా దాని మీదే కాబట్టి పోయేదీ అదే ఎక్కువ. పోయేది కూడా సరిగ్గా తెల్లవారుజామున, చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి. రొయ్య పైకి తేలుతుంటే రైతు మా షెడ్డు తలుపు కొడతాడు. ఎదురుగా వేరేవాళ్ల కోసం కట్టిన సెట్టు కనిపిస్తుంది. "దాంట్లోది ఊడదీసి ఇవ్వు, వాళ్లకి తర్వాత పెట్టుకో" అంటాడు. ఆయన బాధ నిజం. కాకపోతే ఆ "తర్వాత" అంటే ఇంకో ఆరు వారాలు.

ఓర్లికీ చెప్పిన ముఖ్యమైన సంగతి ఇదే. సెట్లు ఎన్ని అమ్ముడవుతాయో అంచనా వేయాలి. సెట్టులోకి వెళ్లే సామాను అంచనా వేయక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. మన గేర్ బాక్సు రెండు చోట్లా ఉంది. సెట్టులోకి వెళ్లేటప్పుడు అది లెక్క, స్పేరుగా వెళ్లేటప్పుడు అంచనా. రెండూ ఒకే అరలో ఉంటే ఎవరిదెంతో ఎవరికీ తెలీదు. అందుకని స్పేర్ల అర విడిగా పెట్టి, అందులో సరుకు పెంచాం. బుకింగ్ అయిన సెట్టులోంచి ఒక్క బుష్ కూడా ఎవరికీ ఇవ్వం, నాకు బావమరిది అయినా సరే. స్పేరు అర ఖాళీ అయితే కొత్తది వచ్చేదాకా నడుపుకోడానికి మా పాత సెట్టు బాడుగకిస్తాం. అవీ బోలెడేం లేవు, ముందొచ్చినవారికి ముందు.

రెండోది, ఆర్డరు మార్పులు. 2 హెచ్‌పీ చెప్పి చివర్లో 1 హెచ్‌పీ అంటే చక్రాలు, ఫ్లోట్లు తగ్గడంతో సరిపోదు, మోటారూ గేర్ బాక్సూ రెండూ వేరే. మీ ఒక్క మార్పుతో మిగతావారి తేదీలు కూడా అటూఇటూ ఊగుతాయి. డెలివరీకి మూడు వారాల ముందు ఆర్డరు ఖరారు చేసేస్తాం, ఆ తర్వాత మార్పు కుదరదు.

ఈ సిస్టమ్‌కి తెలియనివీ ఉన్నాయి. షెడ్డులో ఫిట్టర్లు ఎంతమందో ఎమ్మార్పీ లెక్క పట్టించుకోదు. పది సెట్లకైనా మూడొందల సెట్లకైనా బిగింపు వారమే అంటుంది. అందుకని అది ఇచ్చిన తేదీని మా ఫోర్‌మన్ చూసి ఒప్పుకున్నాకే మీకు పంపిస్తాం. ఆయన చాలాసార్లు ఇంకా ఆలస్యంగానే తేదీ వేస్తాడు, నేను ఆయన మాటే వింటాను. మార్కెట్టూ దానికి తెలీదు. 2025 ఆగస్టులో మన రొయ్యల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక, చెరువులు ఎండబెట్టుకుందామా అని ఆలోచించిన రైతులు నాకు తెలుసు. అంతకుముందు ఫోన్లో "ఓ యాభై వేసుకో" అన్న డీలర్లు ఆ తర్వాత ఫోనెత్తలేదు, వాళ్లని అనడానికీ లేదు. కానీ ఆ యాభై సెట్ల గేర్ బాక్సులకి డబ్బు కట్టాల్సింది నేను. ఇకమీదట అడ్వాన్సు పడితేనే ఆర్డరు, లేకపోతే అది ఉత్త ఎంక్వైరీగానే ఉంటుంది, దానికి సామాను తెప్పించం.

సెట్టు రేటు దీనివల్ల తగ్గుతుందా అని అడుగుతున్నారు. తగ్గదు. రాగి, స్టీలు ధరలు నా చేతిలో లేవు. కొటేషను పదిహేను రోజులే చెల్లుతుంది.

శనివారం ఉదయం 8 నుంచి 10 దాకా స్పేర్ల కౌంటరు మూసి ఉంటుంది. అరల్లో సరుకు లెక్కపెట్టే సమయమది. కంప్యూటర్లో 50 అని ఉండి అరలో 38 ఉంటే పైన చెప్పిన తేదీలన్నీ తప్పుతాయి. చెరువులో రొయ్య తేలుతున్నవారు మాత్రం ఆ టైములోనూ పక్క తలుపు కొట్టండి, ఇస్తాం.

స్పేరుకి ఫోన్ చేసేటప్పుడు ఫ్రేము మీద కొట్టిన నంబరు ఫోటో తీసి పంపండి. పాత సెట్లకీ కొత్తవాటికీ షాఫ్టు సైజులో తేడా ఉంది, నంబరు చూస్తే మీకు ఏది పడుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.