ఇంటితోటల సంఘం వార్షిక నివేదిక: ఫార్మల్ తోటా, ఇన్‌ఫార్మల్ తోటా?

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగిన ప్రశ్ననే ఈ ఏడాది కార్యక్రమాలకు అంశంగా పెట్టుకున్నాం. ఇంటి చుట్టూ ఉన్న కాస్త జాగాలో గీత గీసినట్టుండే ఫార్మల్ తోట వేయాలా, మొక్కలు తమ తీరున పెరిగే ఇన్‌ఫార్మల్ తోట వేయాలా? రాజమండ్రిలో ఉన్న మనకు కడియం నర్సరీలు పక్కనే. ఫోన్‌లో ఏదో ఫోటో చూడటం, ఆదివారం వెళ్లి ఆటో నిండా మొక్కలు తెచ్చుకోవడం, ఎక్కడ నాటాలో తర్వాత ఆలోచించడం. ఈ వరస మారాలన్నదే మా పట్టుదల.

తొలి సమావేశంలో తోటల చరిత్ర చెప్పుకున్నాం. ఈ తగువు మనతో మొదలైంది కాదు. 1892లో ఇంగ్లండులో రెజినాల్డ్ బ్లూమ్‌ఫీల్డ్ అనే ఆర్కిటెక్టు, తోట ఇంటి గీతల్ని అనుసరించాలని పుస్తకం రాశాడు. విలియం రాబిన్సన్ అనే తోటపనివాడు చెట్లను కత్తిరించి ఆకారాలు చేయడం ఏమిటని అదే ఏడాది గట్టిగా బదులిచ్చాడు. ఇద్దరి మాటా నిలబెట్టే దారి చూపించింది తోటలు రూపొందించే గెర్ట్రూడ్ జీకిల్ అనే ఆవిడ, ఎడ్విన్ లుట్యెన్స్ అనే ఆర్కిటెక్టు కలిసి. బాటలు, మెట్లు, గోడలు ఆయన కొలతపెట్టి కట్టేవాడు. వాటి మధ్య ఆమె మొక్కల్ని పొంగి పొర్లేలా నాటేది. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ తోట, అంటే 2023 నుంచి అమృత్ ఉద్యాన్ అంటున్న ఆ 15 ఎకరాలు, ఈ లుట్యెన్స్ గీసిందే. అక్కడి నీటి కాలవలు మొగలుల చార్‌బాగ్ పద్ధతివి, అంటే తోటను నాలుగు భాగాలుగా విడదీసే పద్ధతివి.

ప్రసంగం తర్వాత జరిగిన చర్చ ఇంకా బాగుంది. మన పాత ఇళ్లలో రెండు పద్ధతులూ ఉండేవని పెద్దవాళ్లు గుర్తు చేశారు. వీధి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, తులసికోట చుట్టూ శుభ్రంగా ఉంచేవాళ్లు. దొడ్లో మాత్రం నూతి దగ్గర అరటి, పక్కన కరివేపాకు, నిమ్మ, గోడ వార మునగ, ఎక్కడ తడి ఉంటే అక్కడ చేమ. మనకు వేరే నమూనా వెతకక్కర్లేదని చాలామందికి ఆరోజే అనిపించింది. కార్యవర్గం అభిప్రాయం కూడా అదే.

ఎండాకాలంలోను, వానలు పడ్డాకా సభ్యుల ఇళ్లు తిరిగి చూశాం. ఫార్మల్ తోట అంటే మొక్కల కన్నా ముందు కత్తెర అని అక్కడే తేలింది. గోల్డెన్ డురాంటా కంచె వానాకాలంలో రెండు మూడు వారాలు వదిలేస్తే రూపం పోతుంది. పైన వెడల్పుగా, కింద సన్నగా కత్తిరించిన కంచెలకు అడుగు కొమ్మల మీద ఎండ పడక ఆకు రాలిపోతోంది. అడుగు కాస్త వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంచాలి. కత్తిరింపు శిక్షణలో దీన్ని అందరి చేతా చేయించాం. నూరువరహాల మొక్క విషయంలో ఇంకో మాట: అది కొమ్మ చివరన పూస్తుంది. దాన్ని మాటిమాటికీ డబ్బాలాగా చదును చేస్తే మొగ్గలన్నీ కత్తెర పాలే. పువ్వు కావాలనుకునేవాళ్లు దాన్ని కొంచెం వదలాలి.

ఇన్‌ఫార్మల్ అంటే ఏ పనీ ఉండదనుకోవడం కూడా సరికాదు. మల్లెను చలికాలంలో కొమ్మలు కొట్టి, కొన్నాళ్లు నీళ్లు తగ్గిస్తేనే వేసవిలో విరగపూస్తుంది. పారిజాతం, నందివర్ధనం వెనక, మందారం మధ్యలో, కనకాంబరం, చంద్రకాంత ముందు ఉండాలి. ఈ ఎత్తుల లెక్క తప్పితే ముందున్నది వెనకదాన్ని మింగేస్తుంది. పొదలుంటే పాములొస్తాయన్న టెన్షన్ చాలా ఇళ్లలో విన్నాం, ముఖ్యంగా చిన్నపిల్లలున్నచోట. గోడ వెంబడి ఒక అడుగు ఖాళీగా ఉంచి, ఇటుకలు, పుల్లలు పోగేయకుండా చూసుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. కరివేపాకు మీద పురుగు కనబడగానే మందు కొట్టేయవద్దని మా మనవి. వాటిలో చాలా వరకు సీతాకోకచిలుకల పిల్లలే, కాస్త ఆకు తిని వెళ్లిపోతాయి.

చలికాలంలో కడియం యాత్రకు కొనే జాబితా ఇంట్లోనే రాసుకుని బయల్దేరాం. బంతుల్లా, మెట్లుమెట్లుగా కత్తిరించిన ఫైకస్ (మర్రి జాతి) మొక్కలు కళ్లు తిప్పుకోనివ్వవు. అయినా వాటిని ప్రహరీ పక్కన నేలలో పెట్టవద్దు. వేర్లు గోడను, డ్రైనేజీని పగలగొడతాయి. కుండీలోనే ఉంచుకోండి.

ఇక కార్యవర్గం సలహా. అర సెంటు, సెంటు జాగా ఉన్న ఇళ్లకు గేటు నుంచి గుమ్మం దాకా తిన్నని బాట, రెండు వైపులా ఒకే రకం కుండీలు చాలు. ఆ గీత దాటాక మొక్కల్ని వాటి దారిన పెరగనివ్వండి. పూర్తి ఫార్మల్ తోట అందమైనదే, కాని కత్తెర పట్టుకోవడం ఇష్టమైనవాళ్లకే, లేదా తోటమాలిని పెట్టుకోగలవాళ్లకే మేము దాన్ని సూచిస్తాం. ఉద్యోగాలకు పొద్దున్నే వెళ్లే జంటకు ఆ తోట భారమవుతుంది. మొక్కల మీద ఇష్టమే పోతుందేమోనని మా బెంగ.

కార్తీక వనభోజనాల్లో నారు, అంట్లు, విత్తనాల మార్పిడి యథాప్రకారం జరిగింది. డిసెంబరాలు, ముద్దబంతి విత్తనాలకు గిరాకీ ఎక్కువ. ఉన్నవాళ్లు ఈసారి ఎక్కువ దాచి తేవాలి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాది కోరినవాళ్లకు తోట ప్లాను కాగితం మీద గీసి ఇచ్చే పని మొదలుపెడుతున్నాం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మీ జాగా పొడవు వెడల్పులు, ఎండ ఏ పూట ఎటు పడుతుందో, వారంలో ఎన్ని గంటలు తోటకు ఇవ్వగలరో రాసుకుని రండి. మూడోది నిజంగా రాయండి, ప్లాను దాని మీదే గీస్తాం.

ఇట్లు,
కార్యదర్శి