ఆ గడ్డి బీడులో మొక్కలు వద్దురా

హైదరాబాద్

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావు? అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నీ ఉత్తరం అందింది. వానలు పడగానే మీ ఊరి పైన గొర్లు మేసే పెద్ద బీడులో వేల మొక్కలు నాటిస్తానని రాశావు. నీ ఉద్దేశం మంచిదే. కానీ గుంతలు తవ్వించే ముందు నా మాట కొంచెం విను. ఆ బీడు ఊరికే పడి ఉన్న నేల కాదు.

ఈమధ్య సెలవు దొరికితే చాలు, శంకర్‌పల్లి దాటి ఎన్కతల గడ్డి భూముల వైపు పోతున్నాను. పొద్దున్నే పోయి ఒకచోట కూర్చుంటే, అక్కడ ఎవరు ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నారో మెల్లగా తెలిసొస్తుంది.

ముందు గడ్డి సంగతి. దాని పెరుగుదల కొసల్లో ఉండదు, నేలకు ఆనుకుని మొదట్లో ఉంటుంది. అందుకే గొర్రె కొరికినా, ఎండాకాలం నిప్పంటుకున్నా వాన పడగానే మళ్లీ చిగురేస్తుంది. చెట్టు మొలకకు ఆ వసతి లేదు, చిగురు తెగితే అక్కడే గిడసబారిపోతుంది. అంటే మేసే జంతువు గడ్డిని తింటూనే దానికి చెట్ల నుంచి చోటు కాపాడుతోందన్నమాట. మేత మరీ ఎక్కువైతే నేల బోడిగా మిగులుతుంది, అదీ నిజమే. అసలు మేపకుండా వదిలేసినా పాత గడ్డి ఎండి పేరుకుపోయి కొత్త పిలకలకు వెలుతురు అందదు.

నడుస్తుంటే ప్యాంటుకు సూదుల్లా గుచ్చుకునే గడ్డి ఉంటుంది చూడు, దాని గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని పొడుగాటి తోక మీద నీటి చుక్క వెయ్యి. మెలితిరిగి ఉన్న తోక పురి విప్పుకుంటూ కదులుతుంది. వాన తడికి విప్పుకుని, ఎండకు మళ్లీ మెలితిరిగి, అలా తిరుగుతూ గింజ తనంతట తానే మట్టిలోకి దిగుతుంది. గొర్రె ఉన్నిలో చిక్కుకున్నదేమో ఊళ్లు దాటి పోయి ఇంకెక్కడో మొలుస్తుంది.

ఇక పేడపురుగు! నాకు దాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు. పేడను ఉండ చేసి, తలకిందులుగా నిలబడి వెనక కాళ్లతో నెట్టుకుంటూ పోతుంది. గడ్డి దుబ్బు అడ్డం వస్తే ఉండ పక్కకు దొర్లిపోతుంది, అది మళ్లీ వెతికి పట్టుకుని మొదలుపెడుతుంది. చివరికి మట్టిలో పూడ్చి అందులోనే గుడ్డు పెడుతుంది. పిల్లకు తిండి దొరికింది, గడ్డి వేళ్లకు ఎరువు అందింది, ఈగలకు పేడ తగ్గింది. ఎండాకాలంలో ఎండుగడ్డిని మట్టిలో కలిపే పని చెదలది. తొలకరి పడ్డ సాయంత్రం ఆ పుట్టల్లోంచి ఉసిళ్లు లేచాయంటే పాలపిట్టలు, కప్పలు, బల్లులు, ఉడుములు అన్నిటికీ ఆ రోజు పండగే.

పశువులు నడుస్తుంటే గడ్డిలోంచి మిడతలు ఎగురుతాయి. వాటి కోసమే తెల్లకొంగలు కాళ్ల దగ్గర తిరుగుతుంటాయి, పసులపోలిగాడు పిట్ట బర్రె వీపు ఎక్కి కూర్చుంటుంది. తీతువు పిట్ట అరిస్తే అపశకునమని మన పెద్దవాళ్లు తిట్టేవాళ్లు కదా. పాపం, అది గూడు కూడా కట్టుకోదు, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. కుక్కో నక్కో దగ్గరికి వస్తే అరవక ఏం చేస్తుంది? ఆ అరుపుకు చుట్టుపక్కల ఉన్న మిగతా ప్రాణులు కూడా జాగ్రత్త పడతాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. పూరేడు, కౌజు, ఏలజిట్ట ఈ పిట్టలన్నీ నేల మీదే గుడ్లు పెట్టేవి. మధ్య ఆసియా నుంచి చలికాలం గడపడానికి వచ్చే హారియర్ గద్దలు రాత్రిపూట గడ్డిలోనే గుంపుగా పడుకుంటాయి. మన వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలిలో చూశావుగా, కృష్ణజింకకు శత్రువును దూరం నుంచే కనిపెట్టి పరిగెత్తడమే రక్షణ. వీటన్నిటికీ తెరిపి నేల కావాలి. నువ్వు నాటే చెట్లు పెరిగితే గుడ్లు ఎత్తుకుపోయే కాకులకు కాపు కాయడానికి కొమ్మలు దొరుకుతాయి, కింద నీడ కమ్మి గడ్డి పలచబడుతుంది. సర్కారు తుమ్మ ఎన్ని బీళ్లను కమ్మేసిందో నీకు నేను చెప్పాలా?

రోళ్లపాడు గుర్తుందా, అప్పటి కర్నూలు జిల్లాలోది? బట్టమేక పక్షి కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది, ఆడది మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీదే. చుట్టూ ఉన్న గడ్డి భూములు పొలాలయ్యాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద ఆ పక్షులు సుమారు 150 మాత్రమే మిగిలాయని అంచనా, అందులో ఎక్కువ రాజస్థాన్‌లోనే. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుందిరా. అడవి నరికితే అందరం గొడవ చేస్తాం. గడ్డి బీడు పోతే బంజరు బాగుపడిందని సంతోషిస్తాం.

అందుకే అడుగుతున్నాను, మొక్కలు నాటు, కానీ బడి ఆవరణలో, రోడ్ల పక్కన, ఇళ్ల మధ్య నాటు. వేప, కానుగ, చింత ఏదైనా సరే. బీడు జోలికి మాత్రం వెళ్లొద్దు. గుంతలు తవ్వే ముందు అక్కడ గొర్లు కాసే తాతను అడుగు, ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ గుడ్లు పెడుతుందో ఆయనకు తెలిసే ఉంటుంది. పంచాయతీలో మాట్లాడాలంటే నేనూ వస్తాను, ఏ ఆదివారమో చెప్పు. నవంబర్‌లో నువ్వు ఇటు రా, బైనాక్యులర్ నా దగ్గర ఉంది, ఎన్కతల పోదాం. అమ్మను అడిగానని చెప్పు.

నీ
శీను