రెండూ పట్టే రేడియో రాలేదు, మీ డిపాజిట్లు వెనక్కి తీసుకోండి

ఎడిసన్, న్యూజెర్సీ
2009 ఫిబ్రవరి

సిరియస్, ఎక్స్‌ఎమ్ అనే రెండు శాటిలైట్ రేడియో సర్వీసులూ పట్టే రేడియో క్రిస్మస్‌కల్లా ఇస్తామని మా షాపులో తలా 50 డాలర్లు కట్టించుకున్నాం. సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, అది రాలేదు. డిస్ట్రిబ్యూటర్ పంపిన అట్టపెట్టెలు విప్పితే అన్నీ ఉత్త ఎక్స్‌ఎమ్ రిసీవర్లే, పైన మాత్రం రెండు పేర్లూ కలిపిన కొత్త స్టిక్కరు. ఫోన్ చేస్తే "ఇప్పుడు రెండూ ఒకటే కంపెనీ కదా సార్" అన్నాడు. కంపెనీలు కలిస్తే ఫ్రీక్వెన్సీలు కలుస్తాయా? సిరియస్‌ది 2320 నుంచి 2332.5 మెగాహెర్ట్జ్, ఎక్స్‌ఎమ్‌ది అక్కణ్ణుంచి 2345 దాకా. శాటిలైట్లు వేరు, లోపలి చిప్పూ వేరు.

సరుకు వెనక్కి తీసుకోనంటున్నాడు. అవే మీకు అంటగట్టి డిపాజిట్ అందులో సర్దేద్దామన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. మూడు వారాలు అటూ ఇటూ ఊగి, చివరికి వద్దనుకున్నాం. రసీదు పోయినా సరే, పూర్తి డబ్బు ఇచ్చేస్తాం. "వేరేది కొనుక్కోండి" అనం.

మీ పాత రేడియో పారేయక్కర్లేదు. నిరుడు జూలైలో విలీనమైనా రెండు సిగ్నళ్ళూ విడివిడిగానే వస్తున్నాయి. నవంబర్ 12న ఛానెళ్ళు మార్చి సర్దేశారు కాబట్టి ప్రీసెట్ (మీరు ముందే పెట్టుకున్న ఛానెల్ బటన్) నొక్కితే వేరే పాట వినిపిస్తుంది. సెట్టు చెడలేదు, ప్రీసెట్ మళ్ళీ పెట్టుకోండి. అవతలి కంపెనీ కార్యక్రమాలు కొన్ని కావాలంటే నెలకి 4 డాలర్లు అదనం. నెలకి 12.95 డాలర్ల మామూలు ప్లాన్ ధర మూడేళ్ళు పెంచకూడదని ఎఫ్‌సీసీ (ప్రసారాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) షరతు పెట్టింది, కానీ ఇంట్లో రెండో రేడియోకి మార్చి 11 నుంచి 6.99 కాస్తా 8.99 అవుతుంది. రెండు కార్లున్నవాళ్ళు ఈలోపే ప్లాన్ పొడిగించుకోండి.

ఒక్కసారే డబ్బు కట్టే లైఫ్‌టైమ్ ప్లాన్ సంగతి చాలామంది అడుగుతున్నారు. లైఫ్‌టైమ్ అంటే మీ ఆయుష్షు కాదు, రిసీవర్ ఆయుష్షు. పైగా ఈ నెల 17న లిబర్టీ మీడియా అనే వేరే కంపెనీ 53 కోట్ల డాలర్లు అప్పివ్వడానికి ఒప్పుకునేదాకా కంపెనీ దివాలా అంచున ఉంది. మేమైతే తీసుకోమని చెప్పం.

సిరియస్ తీసేసి ఎక్స్‌ఎమ్ పెట్టుకునేవాళ్ళు ఇంట్లో యాంటెన్నాని పాత కిటికీలోనే వదిలేసి సెట్టుని తిడుతున్నారు. మన దగ్గర యాంటెన్నా సిరియస్‌కి వాయవ్యం వైపు, ఎక్స్‌ఎమ్‌కి నైరుతి వైపు తిప్పాలి. యాక్టివేషన్‌కి 0 ఛానెల్ పెడితే మీ రేడియో ఐడీ కనిపిస్తుంది: సిరియస్‌కి 12 అంకెలు, ఎక్స్‌ఎమ్‌కి 8 గుర్తులు. ఎక్స్‌ఎమ్ ఐడీలో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు ఉండవు. మీకు ఓ అనిపించింది సున్నా, ఎస్ అనిపించింది 5. ఫోన్లో అది తప్పు చదివితే సిగ్నల్ వేరేవాళ్ళ సెట్టుకి పోతుంది.

వచ్చిన ఎక్స్‌ఎమ్ పెట్టెలు కౌంటర్ వెనకే ఉన్నాయి. ఎక్స్‌ఎమ్మే కావాలన్నవాళ్ళకి స్టిక్కరు పీకి అమ్ముతాం. బేరం మాత్రం ఆడొద్దు.